పుటుక్కమ్మగారి చేతిలో పడ్డ పూత

చేతికి అందిన వస్తువు ఏదైనా సరే, అది ఎక్కడ విరుగుతుందో తేలేదాకా ఆవిడకి ముద్ద మింగుడు పడేది కాదు. విరగ్గొట్టడం ఆవిడ ఉద్యోగమే అనుకోండి. కానీ ఉద్యోగం సాయంత్రానికి అయిపోతుంది, ఆ సంగతి ఆవిడ చేతులకి తెలీదు. స్కేలు ఇస్తే వంచేది. కప్పు ఇస్తే దాని చెవి పట్టి లాగేది. కొత్త కళ్ళజోడు కొనుక్కున్నవాళ్ళు దాన్ని జేబులో దాచేసుకుని, ఆవిడ గది దాటేదాకా గోడ తడుముకుంటూ నడిచేవాళ్ళు. అందుకే ఆవిడ పనిచేసే పరిశోధనశాలలో అందరూ ఆవిడని చాటుగా పుటుక్కమ్మగారు అనేవాళ్ళు. ఆ పేరు ఆవిడ చెవిన పడినప్పుడు, గట్టిగా ఉందో లేదో పలికి చూసుకుని, పర్లేదు నిలబడుతుంది అందిట.

కూతురిని చేసుకుంటానని వచ్చిన అబ్బాయిని ఎండలో నిలబెట్టి, ఐసునీళ్ళు తాగించి, మళ్ళీ ఎండలో నిలబెట్టిందని కూడా చెప్పుకుంటారు. వేడికీ చలికీ మార్చి మార్చి చూస్తే గానీ ఏదీ బయటపడదని ఆవిడ సిద్ధాంతం. ఆ అల్లుడు ఇప్పటికీ అత్తగారింటికి గొడుగు లేకుండా వెళ్ళడు.

ఇలాంటి మనిషికి ఎదురు గదిలో పడ్డాడు పాపం, పూతల మాస్టరు.

అతని పని చూడ్డానికి సున్నితం. అణువిద్యుత్తు కేంద్రంలో ఇంధనం బిళ్ళల్ని సన్నటి పొడుగాటి లోహపు గొట్టాల్లో పెడతారు. ఎప్పుడైనా తేడా చేసి వేడి పెరిగిపోతే, ఆవిరి ఆ గొట్టాన్ని చెదపురుగు తిన్నట్టు తినేస్తుంది. తినకుండా పైన క్రోమియం పూత వేస్తారు, వెంట్రుక కంటే పల్చగా. గొట్టం ఉబ్బినప్పుడు పూత కూడా దాంతోపాటు సాగాలి. సాగలేక పగిలిందా, ఆ సందులోంచి ఆవిరి చుట్టంచూపుగా దూరి, ఇల్లు గుల్ల చేస్తుంది. పూత వేసేది మాస్టరు. పగలగొట్టేది పుటుక్కమ్మగారు. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉన్న అత్తాకోడళ్ళకి కూడా ఇంత వైరం ఉండదు.

పైగా అతని మెడ మీద కత్తి ఒకటి వేలాడుతోంది. ఈ ఏడు పూత నిలబడకపోతే పూతల గది మూసేస్తామనీ, యంత్రం తుక్కుకి పోతుందనీ, అతను సామాన్ల కొట్లో బోల్టులు లెక్కపెట్టుకోవాలనీ ఆ శాల పెద్దసారు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ యంత్రాన్ని మాస్టరు చంటిబిడ్డలా సాకాడు. ఇంట్లో వాళ్ళావిడకి జ్వరం వస్తే మాత్ర ఇచ్చేవాడు, యంత్రం కొంచెం దగ్గితే సెలవు పెట్టేవాడు.

భయం కొద్దీ అతను మొదటిసారి పూత దట్టంగా వేశాడు. దుప్పటి మందంగా ఉంటే చలి ఆగుతుంది కదా అని అతని లెక్క. పుటుక్కమ్మగారు ఆ గొట్టం ముక్కని గుంజే యంత్రంలో బిగించి, దానికి చెవిలాంటి ఒక బిళ్ళ అతికించింది. పూతలో చీమ తలకాయంత పగులు పుట్టినా ఆ బిళ్ళ పసిగట్టి స్పీకర్లో టిక్కుమంటుంది. గుంజడం మొదలుపెట్టిందో లేదో, పెనం మీద ఆవాలు వేసినట్టు టిక్కుటిక్కుమంది. మందం ఎక్కువైతే సాగే గుణం తక్కువవుతుందని చెప్పి, ఆవిడ అరచెయ్యి చాపింది.

"ఇంకోటి తెచ్చిపెట్టు నాయనా."

పల్చగా వేసి తెచ్చాడు. అదీ పగిలింది. ఈసారి ఆవిడ సూక్ష్మదర్శినిలో చూసి చూసి, అతన్ని కూడా పిలిచి చూపించింది. పగుళ్ళన్నీ గొట్టం చుట్టూ గాజులు తొడిగినట్టు వరసగా ఉన్నాయి.

"పగుళ్ళకి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? ఎవరో గీత గీసిచ్చారు."

ఎవరో కాదు, తనే. పూత గట్టిగా పట్టుకోవాలని ముందుగా గొట్టాన్ని తిప్పుతూ గరుకు కాగితంతో రుద్దేవాడు. ఆ గీతల వెంటే పగుళ్ళు రాజమార్గంలో పోయినట్టు పోయాయి. మాస్టరు నాలిక కరుచుకుని, ఈసారి గొట్టం పొడుగునా రుద్ది తెచ్చాడు. నిలువునా గుంజితే నిక్షేపంగా ఉంది. అతను ఊపిరి పీల్చుకునే లోపల ఆవిడ గొట్టం లోపల ఒత్తిడి పెట్టి బుడగలా ఉబ్బించింది. పొడుగునా పెసరకాయలా చీలింది పూత.

"ఇంకోటి తెచ్చిపెట్టు."

ఆ ముక్క విని విని అతనికి కలవరింతలు పట్టుకున్నాయి. పొద్దున్నే వాళ్ళావిడ ఇంకో దోసె వెయ్యమంటావా అని అడిగితే, చేతులు జోడించి, ఇదే ఆఖరిది మేడమ్ అన్నాడట. ఆ మేడమ్ ఎవరో తేలేదాకా ఆవిడ రెండోది వెయ్యలేదు.

చివరికి గరుకు కాగితం అవతల పారేసి, గొట్టాన్ని గీత పడకుండా మెత్తగా నున్నగా చేసి, వెచ్చగా ఉంచి, తొందరపడకుండా పల్చటి పూత వేశాడు. దాన్ని పుటుక్కమ్మగారు గుంజింది, ఉబ్బించింది, ఆవిరిలో కాల్చి చన్నీళ్ళలో ముంచింది. స్పీకరు కిమ్మనలేదు. ఆవిడ మొహంలో మాత్రం మెచ్చుకోలు లేదు. సరే, పరీక్షకులని రమ్మనండి అని మాత్రం అంది.

పరీక్షకులు బయటినుంచి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన గళ్ళచొక్కా వేసుకుని, నవ్వితే జీతం కోస్తారన్నట్టు నిలబడ్డాడు. ఆవిరిలో కాల్చి ముంచిన గొట్టాన్ని యంత్రంలో బిగించారు. యంత్రం మీద సూది, పూత తట్టుకోవాల్సిన గుర్తు దగ్గరికి పాకుతోంది.

టిక్.

సామాన్ల కొట్టు, బోల్టుల డబ్బాలు మాస్టరు కళ్ళముందు తిరిగాయి. పుటుక్కమ్మగారు స్పీకరు వైపు చూడనైనా లేదు. మెల్లగా తిరిగి పెద్దసారు వంక చూసింది. ఆయన కంగారులో మెటికలు విరుచుకుంటున్నాడు. రెండో చెయ్యి విరవబోయి, ఆవిడ చూపు తగిలి, చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

సూది గుర్తు దాటింది. పూత నిలబడింది. గళ్ళచొక్కాయన చాలు, ఆపండి అన్నాడు. మాస్టరుకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చే సమయం. అప్పుడు పుటుక్కమ్మగారు యంత్రానికి అడ్డంగా నిలబడింది.

"ఆపడమేంటండీ. పగిలేదాకా గుంజాలి."

"పాసయింది కదమ్మా."

"ఎక్కడ పగులుతుందో తెలీకుండా బాగుందని ఎలా రాస్తారు? రేపు దాన్ని నమ్ముకునేవాళ్ళకి ఏం చెబుతారు?"

మాస్టరు మనసులో ఆవిడని తిట్టిన తిట్లు అచ్చు వెయ్యడానికి పనికిరావు. యంత్రం మళ్ళీ గుంజింది. అడిగిన గుర్తు ఎక్కడో వెనకబడిపోయింది. గొట్టమే సాగి నడుం సన్నబడింది. అప్పుడు గానీ స్పీకరు నోరు విప్పలేదు. కోసి చూస్తే, ఆ పగుళ్ళు కూడా పైపైనే ఆగాయి, గొట్టాన్ని తాకలేదు. గళ్ళచొక్కాయన సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తాడు. నవ్వాడు. ఇంతమంచి పూత తన సర్వీసులో చూడలేదని అందరి ముందూ చెప్పి, పూతల గదికి ఇంకో యంత్రం ఇప్పిస్తానన్నాడు. గది చప్పట్లతో దద్దరిల్లింది. కారిడార్లో పోయేవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారని వినికిడి.

ఆ సందట్లో పెద్దసారు మాస్టరు భుజం తట్టి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పాలంటే నీ గది మొదటి ముక్క పగిలినప్పుడే మూసేద్దామనుకున్నానయ్యా. ఆవిడ మూయనివ్వలేదు."

"ఎవరు సార్?"

"ఇంకెవరు? మూసేద్దామా అని వెళ్ళినప్పుడల్లా, ఇంకో ముక్క తెమ్మన్నాను, అది రావాలి, పరీక్ష మధ్యలో గది మూస్తే ఊరుకోను అనేది. ఆవిడతో ఎవడు పెట్టుకుంటాడు?"

మాస్టరుకి అప్పుడు వెలిగింది. ఏడాదంతా తన గదికి తాళం పడకుండా అడ్డుపెట్టిన చెయ్యి, తన ముందు చాపిన ఆ అరచెయ్యే. పరుగున ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఏదో చెప్పబోయి, "అమ్మా" అని ఆగిపోయాడు.

"ఏడిస్తే పూత మీద పడుతుంది, దూరంగా ఏడు," అంది పుటుక్కమ్మగారు.

తర్వాత అందరూ వరసగా నిలబడి ఫొటో దిగారు. అందులో ఆవిడ చెయ్యి మాస్టరు భుజం మీద ఉంటుంది, అతను కొంచెం ఒక పక్కకి ఒరిగి ఉంటాడు. ఎంత నొక్కితే వంగుతాడో ఆవిడ చూసుకుంటోందని వాళ్ళావిడ అంటుంది. అయితే చూసుకోనీ అని, మాస్టరు ఆ ఫొటో పెద్దది చేయించి హాల్లో తగిలించాడు.