బలరాం వదులు చేసిన కేబుల్

మా పక్క క్వార్టర్ బలరాంగారు రోజూ పొద్దున్న డ్యూటీకి బయలుదేరే ముందు, వరండాలో నిలబెట్టిన రాజ్‌దూత్ మోటార్ సైకిల్ దగ్గర ఆగి ముందు బ్రేకును నెమ్మదిగా నొక్కుతారు. వదులుతారు. మళ్ళీ నొక్కుతారు. తర్వాత సైకిలెక్కి వెళ్ళిపోతారు.

"క్యా భయ్యా, ఎక్కని బండికి రోజూ ఏటీ సేవ?" అని పై అంతస్తులో కొత్తగా దిగిన శ్యామసుందర్ నవ్వాడొకసారి. ఆయన నవ్వలేదు.

బలరాంగారు ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను, అంటే పెద్ద ఇనుప తొట్టిని, ఇరవై ఏళ్లుగా క్రేన్‌తో మోస్తున్నారు. క్రేన్‌ను ఒక్కసారిగా ఆపితే కింద వేలాడే లాడిల్ ఆగదు, ముందుకు ఊగుతుంది. ఆ భయం ఆయన ఒంట్లో ఉంది. ముందు చక్రాన్ని పట్టి ఆపితే బండి మనిషిని ఎత్తి అవతల పడేస్తుందని నమ్మేవారు. 1994లో చెల్లెలి కొడుకు సుబ్బు బండి అడిగినప్పుడు, "ఎనక బ్రేకే తొక్కు, ముందుది ముట్టుకోకు" అన్నారు. వింటాడన్న నమ్మకం లేక, చెప్పకుండా ముందు బ్రేకు కేబుల్‌ను వదులు చేసి ఇచ్చారు.

మరోదా రోడ్డు మీద ట్రక్కొకటి ఉన్నట్టుండి ఆగింది. సుబ్బు ముందు బ్రేకు పట్టాడు. అది ఉత్తినే హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనకది తొక్కాడు. బండి ఆగబోతే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రం తేలికవుతుంది. అది బిగుసుకుని జారిపోయింది. సుబ్బు మోకాలు నుజ్జయింది. ఆ నెలాఖరున ప్లాంటు ఉద్యోగానికి జరగాల్సిన మెడికల్ పరీక్ష చేజారింది.

"కేబుల్ తెగిపోనాదేటి మావా?" ఆసుపత్రి మంచం మీంచి అడిగాడు.

"తెగిపోనాదిరా," అన్నారు బలరాం.

బండి బాగయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం, కేబుల్ బిగించి, అదే రోడ్డు మీద నడిపి చూశారు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చాలా దూరం జారింది. ముందుది కొద్దికొద్దిగా బిగిస్తే బండి మూతి వంచింది, బరువు పడిన ముందు చక్రం రోడ్డును గట్టిగా పట్టుకుంది. సగం దూరంలోనే ఆగింది. ఎత్తి పడేయలేదు. లాడిల్ ఊగకుండా ఆయన రోజూ క్రేన్‌ను ఆపేదీ అలాగే.

నేరుగా చెల్లెలి ఇంటికి వెళ్ళి సుబ్బుకు నిజం చెప్పేశారు.

సుబ్బు తన మోకాలివైపు చూసుకున్నాడు.

"క్రేన్ని ధీరే ధీరే ఆపడం నీకు తెల్సు గదా మావా. ఆ ఒక్క ముక్కా నాకు చెప్పీసుంటే అయిపోను. కేబులెందుకు వదులు సేసినావు?"

బలరాం అతని పక్కన కూర్చోబోయారు.

"ఎళ్ళు మావా. ఎళ్ళిపో."

సుబ్బు ఇప్పుడు వైశాలి నగర్‌లో ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చుంటున్నాడు. మేనమామతో మాట్లాడడు.