నిమ్మకు బెట్ట, అవకాడోకు తడి

సిసిలీలో అగ్నికొండ కింద, సముద్రం వైపు దిగే నల్లరాతి మెట్ల మీద వెనేరాకు చిన్న నిమ్మతోట ఉంది. అక్కడ శీతాకాలంలో ప్రతివాడి చెట్టూ కాస్తుంది, కాబట్టి ఆ కాయను అడిగే దిక్కుండదు. గిరాకీ అంతా వేసవిలో దిగే పచ్చనిమ్మకే. ఆ కాపు కావాలంటే ముందటేడు వేసవిలోనే చెట్లకు నీళ్లు ఆపేసి, ఆకు దోనెలా ముడుచుకునేదాకా మాడ్చాలి. ఆ మీదట ఒక్కసారిగా తడి పెడితే, బతికి బయటపడ్డామన్న సంబరమో ఏమో, చెట్టు ఒళ్లంతా పూస్తుంది.

ఈ బెట్ట పెట్టడంలో వెనేరా మొగుడు సారోది అందె వేసిన చెయ్యి. కొత్త పంట తెచ్చింది మాత్రం వెనేరాయే. ఎండుతెగులుకు నిమ్మచెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పోతుంటే, అవకాడో వేసిన పై ఊరివాళ్లు ఇళ్లకు కొత్త పెంకులు కప్పించడం చూసింది. సంతలో అడిగింది, నర్సరీలో అడిగింది, చర్చి మెట్ల మీద కనబడ్డవాళ్లనల్లా ఆపి అడిగింది. ధర, చలి, కాపు అన్నీ ఆరా తీసింది. జానెడు నేల కూడా ఊరికే పోకూడదని, చచ్చిన నిమ్మల గుంటల్లోనే మొక్కలు పెట్టించింది. రెంటికీ నీళ్లు ఒకే బోదెలో పారతాయన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మొక్కలు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ డబ్బాడు నీళ్లు పోస్తే సరిపోయింది.

ఈ వేసవికి అవకాడోలు తొలి కాపు పట్టాయి; వాటి కింద తడి ఆరితే కాయ నిలవదు. నిమ్మలేమో బెట్టలో ఉన్నాయి.

"ఏమయ్యా, మళ్లీ కాయ రాలింది. బోదె తెరువు."

"తెరిస్తే నిమ్మలు నోరు మూసుకుంటాయా? ఇన్నాళ్లు మాడ్చిందంతా దండగ. పైయేడు ఒక్క పచ్చకాయ ఉండదు."

"తెరవకపోతే ఇవి పోతాయిగా!"

"నాటించింది నువ్వు. నువ్వే తేల్చు."

గోడ అవతలి తోట సారో అక్క ఆగాతాది. ఆవిడ చెవి ఎప్పుడూ ఇటే.

"ఏం మరదలా, లంఖణం చేసేవాడినీ బాలింతనూ ఒకే కంచం ముందు కూర్చోబెట్టావే!"

"నవ్వు వదినా, నవ్వు. పళ్లు ఊడినా నీ నోరు మాత్రం గట్టిదే."

వెనేరా బోదె జోలికి పోకుండా, బాల్చీలతో అవకాడో పాదులకే పోసింది. నడుం పట్టేసింది. కొన్నాళ్లకు చూస్తే పక్కనున్న నిమ్మల ఆకులు నిగనిగలాడుతూ విచ్చుకున్నాయి. వాటి వేళ్లు అడుగునుంచి తాగేస్తున్నాయి. అవకాడోల కింద మాత్రం కాయ రాలుతూనే ఉంది. సగం దాహం తీరిన నిమ్మ ఇక పూయదు. ఇటూ పోయింది, అటూ అందలేదు.

నిమ్మలు నరికేద్దామంటే పొయ్యి వెలిగేది వాటివల్లే. అవకాడోలు పీకేద్దామంటే ఇన్నేళ్ల చాకిరీ. రొట్టె ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు వరుసల మధ్య తిరిగింది. ఎటు తిరిగినా ఒక నిమ్మ, దాని పక్కన ఒక అవకాడో.

చివరికి వెళ్లి బోదెకు అడ్డున్న రాతిపలక ఎత్తేసింది.

"తెరిచేశావా?" గోడ మీంచి ఆగాతా తల లేచింది. "మరి వచ్చే ఏడు?"

"వచ్చే ఏడూ తెరవాల్సిందే వదినా. ఆ పైయేడూనూ. ఇక పచ్చనిమ్మ మన ఇంట లేదు."

ఆగాతా ఈసారి నవ్వలేదు. సారో పార తీసుకుని నీళ్లను మొదటి వరుసలోకి మళ్లించాడు. ఆ వరుసలో మొదటి చెట్టు నిమ్మే. దాని పాదు గటగటా తాగేస్తుంటే, వెనేరా గట్టు మీద నిలబడి, నీళ్లు అవకాడో దాకా ఎప్పుడు పోతాయా అని చూస్తూ ఉంది.