హారాధన్‌దా అరటిపండు

మా చాందినీ బజారులో రిపేర్లు చేసే హారాధన్‌దా ఏ కంప్యూటర్‌నీ చచ్చిందననివ్వడు. ఇరవై ఏళ్లనాటి డొక్కు పెట్టె తెచ్చినా సరే, మూత విప్పి దుమ్ము ఊది, పసిపాపకి జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి, "కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేస్తా. కాస్త నెమ్మదిగా నడుస్తుంది. మీరూ అంతేగా దాదా!" అంటాడు.

మొన్న విశ్వకర్మ పూజ. ఆ రోజు మేం ఏ యంత్రాన్నీ ముట్టుకోం. ముందురోజు పొద్దున అతను సిస్టమ్ ఎక్కించడం మొదలెట్టిన పెట్టె మాత్రం ఇంకా గురగురమంటూనే ఉంది. సరిగ్గా హారతి వేళకి తెరమీద ప్రశ్న పడింది: కొనసాగించాలంటే ఎంటర్ నొక్కాలి, రెండు నిమిషాల్లో నొక్కకపోతే అంతా రద్దు. హారాధన్‌దా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముట్టుకుంటే దేవుడికి కోపం, మానితే ఇరవయ్యారు గంటల పని గంగపాలు.

"ఠాకూర్‌మశాయ్, నైవేద్యం కాస్త ఈ మీట మీద పెట్టండి," అన్నాడు పూజారితో.

పూజారి నవ్వాపుకుంటూ అరటిపండుతో ఎంటర్ నొక్కాడు. తెర వెలిగింది.

"అందరూ చూశారుగా, నేను ముట్టుకోలేదు!" అని హారాధన్‌దా లెంపలేసుకునేలోగా ఇంకో ప్రశ్న వచ్చింది. అతను నైవేద్యం పళ్లెంలోకి తొంగిచూశాడు.

"ఇంకెన్ని పళ్లున్నాయి స్వామీ?"