నా ముఖానికి నా గొంతు

శబ్దమే శరీరంగా గల వాగ్దేవికి చేతులు జోడించి, కార్తిక శుద్ధ త్రయోదశి నాడు ఆత్మకూరు సమీపంలోని ఒక పల్లెలో జరిగిన సంగతిని వ్రాస్తున్నాను.

నేను చలనచిత్ర నటిని. మైదుకూరు ప్రాంతంలో పుట్టి, పద్యనాటకాలలో పెరిగి, యౌవనంలో మద్రాసు చేరాను. వదినగా, తల్లిగా, అత్తగా, ఇప్పుడు అవ్వగా ఒక జీవితకాలం తెరమీద గడిపాను. కంటి కొలకులతోనే కోపాన్నీ కరుణనూ పలికించగలనని దర్శకులు మెచ్చుకొన్నారు. ఆ మెప్పుకు నేను అర్హురాలినే; ఇందులో వినయం నటించవలసిన పని లేదు. అయితే ఆ చిత్రాలలో వేటిలోనూ నా గొంతు లేదు. నా మాటలో సీమ యాస తొంగిచూస్తున్నదని మొదటి చిత్రంలోనే వేరొకామె చేత చెప్పించారు. జనం ఆ గొంతుకే అలవాటుపడ్డారు.

నాకు దక్కినది సగం కీర్తేనని కడపలో గాజుల అంగడి ఆమె తేల్చిచెప్పింది. నన్ను చూడగానే లేచి పీట వేసింది. "పచ్చగాజులు ఉండాయా అమ్మా?" అని నేను అడగగానే మళ్ళీ కూర్చుంది.

"సూస్తానే ఆమేనేమో అనుకుంటి. మాట్లాడితే గాదని తెలిసిపాయ. ఆమె గొంతు శానా నాజూగ్గా ఉంటాది."

"ఆమె నేనే" అన్నాను.

"ఊరికే ఉండక్కా! బేరం కోసరం ఎన్ని మాటలైనా జెప్తారు!"

నవ్వుకొంటూనే గాజులు వేయించుకొన్నాను. కాని ఒక్క చిత్రంలోనైనా నా గొంతు వినిపించకుండా ఈ వృత్తి చాలించకూడదని ఆ అంగడి మెట్టు దిగుతూ నిశ్చయించుకొన్నాను.

ఆత్మకూరు దగ్గర తీసిన చిత్రంలో నాది ఒకప్పుడు నాటకాలాడిన అవ్వ పాత్ర. మనుమరాలి పెళ్ళిపందిట్లో ఒక సీసపద్యం పాడి, ఆపై మౌనంగా పెళ్ళికూతురి తల నిమరాలి. చుట్టాలుగా కూర్చున్నవారందరూ ఆ పల్లెవాళ్ళే. దర్శకుడు హైదరాబాదు యువకుడు, మర్యాద తెలిసినవాడు.

"అమ్మా, మీరు పెదవులు కదిపితే చాలు. పద్యమూ మాటలూ తరువాత వేరేవాళ్ళతో చెప్పిస్తాం" అన్నాడు.

"పాడకుండా పాడినట్టు చేసేదానికి నాకు రాదు నాయనా. గొంతు విప్పితేనే మొగం పలుకుతాది."

"షాటు వరకు పాడండమ్మా, మీ ఇష్టం. సినిమాలో మాత్రం ఆ పాత గొంతే ఉంటుంది. మీకు దానితోనే కదా పేరు వచ్చింది!"

కెమెరా తిరగగానే మోహనరాగంలో పద్యం ఎత్తుకొన్నాను. మైకు లేని తడికల పందిళ్ళలో చివరి వరుసకు అందేటట్లు సాధన చేసిన కంఠం నాది. వయస్సు దానికి కాస్త గరుకుదనాన్ని ఇచ్చిందే గాని బలాన్ని తీసుకోలేదు. సీసం చివరి ఎత్తుగీతి ముగించి, రాగం తీసి ఆపాను. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉన్నది. పెళ్ళికూతురి తలమీద చేయి వేయబోతున్నాను.

"వన్స్ మోర్!" అని వెనుక వరుసలో ఒక కేక. వెంటనే పందిరంతా, "వన్స్ మోర్! ఇంగొకసారి పాడు తల్లీ!"

"కట్! ఎవరయ్యా అరిచింది? షాటు పాడైపోయింది!"

తలపాగా చుట్టుకొన్న ఒక పెద్దాయన లేచాడు. "నేనేప్పా. పద్యం అంత బాగా పాడినాక వన్స్ మోర్ అనకపోతే ఆయమ్మను అవమానించినట్టు గాదా?"

"ఇది నాటకం కాదు పెద్దాయనా, సినిమా!"

"నువ్వు సినిమా తీస్తాండావు, మేము పద్యం ఇంటాండాం. ఎవురి పని వాళ్లు చేస్తాండాం గదప్పా!"

పందిరి గొల్లుమన్నది. ఆడవాళ్ళలోనుంచి ఒకామె నన్నే నిలదీసింది: "ఇన్నాళ్లూ ఈ గొంతు యాడ దాచిపెట్టినావమ్మా?"

జనం అడిగినప్పుడు మళ్ళీ పాడటం రంగస్థల ధర్మం. దర్శకుని అనుమతికై చూడలేదు. మొదటి పాదం నుంచి మళ్ళీ అందుకొన్నాను. మద్రాసులో అందుకొన్న ఏ సన్మానంలోనూ నేను అంత నిటారుగా నిలబడలేదు. దర్శకుడు చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, ఎవరినీ ఆపకుండా చివరిదాకా విన్నాడు.

"డబ్బింగుకు మీరే రండమ్మా" అన్నాడు దగ్గరికి వచ్చి. "ఈ గొంతు తీసేస్తే వీళ్ళు నన్ను ఊరు దాటనివ్వరు."

మాఘ శుద్ధ సప్తమి నాడు హైదరాబాదులో నా పాత్రకు నేనే మాటలు చెప్పాను, పద్యం పాడాను. వైశాఖ శుద్ధ పంచమి నాడు చిత్రం విడుదలైంది.