బ్యాండ్‌సాకు బంతిపూల దండ

రిటైరయ్యాక నోయిడాలో మా ఇంటి వెనక వసారాలో చెక్క కోసే బ్యాండ్‌సా నేనే బిగించుకున్నాను. నా జన్మలో ఏ పనికీ మిస్త్రీని పిలిచినవాణ్ణి కాను. కంపెనీవాడిచ్చిన పుస్తకం చదువుకుంటూ రంపపు పట్టీని రెండు చక్రాల మీదికెక్కించి, బిగువు సరిచేశాను. మా ఆవిడ యంత్రానికి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి హారతిచ్చింది. కళ్లకద్దుకుని స్విచ్ నొక్కాను.

దండ రంపంలో చిక్కుకుంది! పట్టీ ఫట్‌మని చక్రం మీంచి ఊడింది. పూలరేకులు గోడ దాటి ఎగిరాయి.

"అంకుల్‌జీ, షాదీ హై క్యా?" అని, పెళ్లేమైనా ఉందా అన్నట్టు, పక్కింటావిడ నవ్వింది.

"ముందు వేళ్లు చూపించండి!" అని మా ఆవిడ కేకేసింది. చెయ్యి జానెడు దూరంలో ఉండబట్టి పదీ మిగిలాయి.

వదులు చొక్కా వద్దు, గ్లవుజులు వద్దు అని రాసిన కంపెనీవాడు పూలదండ మాట రాయడేం? మన దేశంలో అమ్మడం లేదూ? అదే నిలదీస్తూ స్వదస్తూరీతో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. రాయడానికి వేళ్లు మిగలడం నా తెలివి వల్ల మాత్రం కాదు.