మూడుసార్లు మోగి ఊరుకునే అలారం

ఫ్యాక్టరీల్లో గ్యాస్ లీకైతే అలారం మోగించే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నోయిడాలో నా ఉద్యోగం. ఎవరో రాసి వెళ్లిపోయిన నాలుగు వేల లైన్ల ఫైలుతో వేగలేక, ఈ మధ్యాహ్నం ఎడిటర్‌లో కోడ్ ఫోల్డింగ్ పెట్టుకున్నాను. ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు, ఫంక్షన్లన్నీ మడతపడి, వాటి పేర్లు మాత్రం వరుసగా మిగిలాయి. అందులో ‘మ్యూట్ అలారం’ అన్న పేరు చూసి ఉలిక్కిపడ్డాను. విప్పి చూస్తే, రోజుకు మూడుసార్లు మోగాక అలారాన్ని ఆపేసే కోడ్ అది.

క్లయింటే అడిగి పెట్టించుకున్నారనీ, దాని జోలికి పోవద్దనీ అన్నారు మా మేనేజరు. నాకు మనసొప్పలేదు. ఆ క్లయింటుదే ఘాజియాబాద్ ఫ్యాక్టరీలో సేఫ్టీ చూసే తెలుగాయనకు ఫోన్ చేశాను.

"ఇవాళ అలారం మోగిందాండీ?"

"పొద్దున్నే మూడుసార్లు మోగింది మేడమ్. తర్వాత అంతా ఠీక్ హై, చప్పుడే లేదు."

వెంటనే అందర్నీ బయటికి పంపమని చెప్పి, ఆ ఫంక్షన్ తీసేసి కొత్త వెర్షన్ పంపాను. పది నిమిషాలకు ఆయనే ఫోన్ చేశారు. వెనక అలారం మోగుతూనే ఉంది. అందరూ గేటు బయట ఉన్నారనీ, లీకు ఎక్కడో ఇంకా దొరకలేదనీ అరిచి చెప్పారు.

ఇదే ఫైలు ఇంకా ఎన్ని ఫ్యాక్టరీల్లో నడుస్తోందని మేనేజర్ని అడిగాను. అనుమతి లేకుండా కోడ్ మార్చినందుకు రేపు సంజాయిషీ రాసి తెమ్మన్నారు.

ఏం రాయమంటారు?