ఒక కోత కాలం హామీ

కత్తి ఎవరి చేతికిచ్చే ముందైనా ఇస్మత్ దాని అంచును తన ఎడమ బొటనవేలి గోటి మీద ఆనిస్తుంది. పిడి దగ్గర, నడుమ, మొన దగ్గర. మూడు చోట్లా అంచు గోటిని పట్టాలి. ఎక్కడ జారినా ఆ కత్తి తిరిగి కొలిమి పక్కకు పోతుంది. ఈ పని కళ్లు మూసుకుని చేస్తుంది. గోటి మీద సన్నని గీతలు ఎప్పుడూ ఉంటాయి.

బోధన్ బస్టాండు వెనక సందులో ఆమె కొలిమి. తండ్రికి కొడుకులు లేరు. తొమ్మిదో ఏట తిత్తి ఊదడానికి కూర్చుంది, ఇప్పుడు యాభై రెండు. భర్త ఉమర్ పిడులు చెక్కుతాడు. పాత లారీ కమాను పట్టీలు కోసి ఇద్దరూ చెరకు కత్తులు చేస్తారు. ఇనుమును ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక, మళ్లీ కొద్దిగా వేడిచేసి సమయానికి దించాలి. దీన్ని వాళ్లింట్లో పానీ ఇవ్వడం అంటారు. అంతా రంగులోనే ఉంది. పసుపు కొమ్మును విరిస్తే లోపల కనిపించే రంగు రావాలి. అది దాటితే ఊదా, ఆ తర్వాత నీలం. నీలం వచ్చిందంటే కత్తి మెత్తబడినట్టే.

ఆమె హామీకి కాగితం లేదు. అమ్మేటప్పుడు ఒకే మాట చెబుతుంది.

"ఒక్క కోత కాలం. అంచు పెచ్చులూడినా, మడత పడినా తెండి, కొత్తదిస్త. అరిగితే మాత్రం నన్నడగొద్దు. కోస్తే అరుగుతది."

ఈ మాట మీద మోస్రా, వర్ని వైపు రైతులు ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గర కొంటున్నారు. వెనక్కి వచ్చినవి నాలుగు. నాలుగూ మార్చి ఇచ్చింది.

జనవరిలో ఒక పొద్దున మోస్రా నుంచి జగన్మోహనరావు ఫోన్ చేశాడు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్న కుటుంబం ఆయనది. నెల కిందట పన్నెండు కత్తులు తీసుకెళ్లాడు. పన్నెండింటికీ మొన దగ్గర అంచు మడత పడుతోందన్నాడు. నిజామాబాద్‌లో ఒక కంపెనీ కత్తి దొరుకుతోందట, దానికి జీవితకాలం హామీ అని కార్డు కూడా ఇస్తున్నారట. ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. ఇవాళ సంగతి తేలకపోతే ఊరి రైతులందరికీ కలిపి అవే తెప్పిస్తానన్నాడు.

ఒకటి కాదు, పన్నెండు. నిరుడు నిజామాబాద్ కంఠేశ్వర్‌లో కంటి డాక్టరు ఆమెకు శుక్లం మొదలైందని చెప్పాడు. పానీ ఇచ్చేటప్పుడు కంటికి రంగు తప్పిందా? తప్పితే పన్నెండు కత్తులు మార్చి ఇవ్వడంతో అయిపోదు. ఆమె కొలిమి ముందు నుంచి లేవాలి.

గొడవెందుకు, మార్చి ఇచ్చేద్దాం అన్నాడు ఉమర్. ఆమె ఒప్పుకోలేదు. చేత్తో తిప్పే బ్లోయరు, బొగ్గు సంచి, నూనె డబ్బా, ఆకురాయి స్కూటరుకు కట్టించి వెనక కూర్చుంది.

పొలంలో సగం కోత అయింది. ఆరు జంటలు కోస్తున్నాయి, వాళ్లకు పెద్ద గంగమణి. ఇస్మత్ గట్టు మీద కూర్చుని పన్నెండు కత్తులనూ వరసగా పెట్టుకుని ఆకురాయి ఆడించింది. నడుమ గట్టి ఇనుము మీద ఆకురాయి జారింది, కీచుమంది. మొన దగ్గర మూడు వేళ్ల మేర మెత్తబడిన ఇనుమును కొరికింది. రెండో కత్తీ అంతే. పన్నెండూ అంతే.

రంగు తప్పితే కత్తి మొత్తం మెత్తగా ఉండాలి. మొనలు మాత్రమే మెత్తబడ్డాయంటే, తన చేతి నుంచి పోయాక వాటికి ఏదో జరిగింది. రాళ్లకు తగిలాయా అని కూలీలను అడిగింది. లేదన్నారు. గ్రైండరు పట్టించారా? లేదు, సానరాయితోనే నూరుతున్నామన్నారు. జగన్మోహనరావుకు ఓపిక తగ్గింది.

"తప్పెక్కడుందో నాకెందుకమ్మా? కత్తి తెగాలి, అంతే. కార్డున్నవాడు మాట్లాడడు, మారుస్తాడు."

మధ్యాహ్నం కూలీలు తమ కత్తులు తీసుకుపోయి వంటకు ఆరు పొయ్యిలు వెలిగించారు. గంగమణి జొన్నరొట్టెను పెనం మీద కాల్చి, తీసి నిప్పుల అంచున నిలబెట్టి, పడిపోకుండా కత్తి మొనతో అదిమి పట్టింది. రొట్టె పొంగింది. మొన నిప్పుల్లోనే ఉంది. పక్క పొయ్యి దగ్గరా అదే. ఆ పక్క పొయ్యి దగ్గరా అదే.

ఇస్మత్ చెరకు మోళ్ల మీదుగా పరుగెత్తింది. కత్తి లాక్కుని కొంగుతో మసి తుడిచింది. మొన మీద మూడు వేళ్ల మేర నీలం. ఆమెకు నవ్వు ఆగలేదు. అక్కడే చతికిలబడింది.

"గంగమణీ, నువ్వు రోజు నా కత్తికి ఇంకో కొలిమి పెడ్తున్నవే."

"చేతులు కాలవట్టె అక్క. ఇంటికాడ పట్టుకార ఉంటది. ఈడ అన్నిటికి కత్తే."

అయితే తప్పు కూలీలదేనని, ఈ కత్తుల ఖర్చు వాళ్లే పెట్టుకోవాలని జగన్మోహనరావు తేల్చాడు. గంగమణి ముఖం చిన్నబోయింది. ఇస్మత్ లేచి, ఆ కార్డులో ఏముందో చదవమని అడిగింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తుప్పుకు వర్తించదు. రాయికి తగిలితే వర్తించదు. నిప్పు తగిలితే వర్తించదు. వాడకంలో మొద్దుబారితే వర్తించదు.

"మరి అది దేనికి సారు? గోడకు తగిలేస్కోనికా?" అంది గంగమణి. పొయ్యిల దగ్గర అందరూ నవ్వారు. ఆయనా కొంచెం నవ్వాడు.

"నాది వర్తిస్తది రావు సాబ్," అంది ఇస్మత్. "చెరుకు కొట్టెటోళ్లు పొలంలనే వండుకుంటరని నాకెరుకే. మొన నిప్పుల పెట్టొద్దని నేను చెప్పలె. చెప్పకుంట ఇచ్చిన, గందుకే తప్పుల నాకు గూడ పాలుంది. వీళ్లనేం అడగకుండ్రి."

గట్టు పక్కన గుంత తవ్వి బొగ్గు పోశారు. ఉమర్ బ్లోయరు తిప్పాడు. ఎండలో రంగు తెలియదు గనుక నలుగురు బరకం ఎత్తి నీడ పట్టారు. పిడికి తడి గుడ్డ చుట్టి మొదటి కత్తి కాల్చింది, నూనెలో ముంచింది. పొగ లేచింది. అంచు తోమి తెల్లగా చేసి మళ్లీ నిప్పుల పైన పట్టింది. పదమూడు తలలు ఆమె చుట్టూ వంగాయి. రంగు వెన్ను నుంచి అంచుకు పాకుతోంది. ఇస్మత్ కత్తిని చటుక్కున దించింది. అదే క్షణంలో గంగమణి అంది.

"పసుపు కొమ్ము లెక్క అయింది అక్క."

ఇస్మత్ ఆమె వైపు చూసింది. ఇద్దరి కళ్లూ ఒకే రంగు చూశాయి. మిగతా పదకొండింటినీ ఆమె తడుముకోకుండా అదే రంగు దగ్గర దించింది.

పొద్దు వాలకముందే పందెం పెట్టారు. పక్కపక్కన రెండు సాళ్లు. గంగమణి చేతిలో ఇస్మత్ కత్తి, ఆమె మగడు పోశయ్య చేతిలో కంపెనీ కత్తి. తక్కినవాళ్లు కేకలు వేస్తూ వెంట నడిచారు. చెరకు లోడుకు వచ్చిన లారీ డ్రైవరు కూడా దిగి వచ్చాడు. కంపెనీ కత్తి చెడ్డదేమీ కాదు, తేలిక, మొదట ముందుకు పోయింది. సగం సాలు దాటాక పోశయ్య రెండేసి దెబ్బలు వేయవలసి వచ్చింది. గంగమణికి ఒక్కటే. ఆరు దుబ్బుల ముందుగా సాలు ముగించి, నడుం పట్టుకుని నిలబడి మగణ్ని పేరు పెట్టి పిలిచింది. పోశయ్య తల వంచుకునే మిగిలిన దుబ్బులు కొట్టాడు.

జగన్మోహనరావు కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వచ్చే కోతకు ఊరందరికీ కలిపి ఎన్ని కత్తులు కావాలో కనుక్కుని చెబుతానన్నాడు.

మర్నాడు పొద్దున ఇస్మత్ కొలిమి రాజేసింది గానీ కత్తుల పని పట్టలేదు. మూలనున్న సన్న ఇనుప పట్టీలు తీసి, వంచి, రొట్టె పట్టుకునే పట్టుకారలు ఆరు చేసి, మోస్రా పోయే బస్సులో గంగమణికి పంపింది.